ఆగని గుండెను చూడడం

ఎడమ జఠరిక గోడలో కండర పోగులు పేనిన తాడు పురుల్లా ఉంటాయి. లోపలి పొరలో ఒక వాలు, బయటి పొరలో దానికి ఎదురు వాలు. నీటి అణువులు పోగుల వెంట సులువుగా, అడ్డంగా కష్టంగా వ్యాపిస్తాయి. ఆ తేడాను డిఫ్యూజన్ ఎమ్మారైతో కొలిస్తే కత్తి పెట్టకుండానే పోగుల అల్లిక తెలుస్తుంది. బతికున్న మనిషిలో దాన్ని చూడగలగడం నాకిప్పటికీ అబ్బురమే.

చిక్కంతా కొలతల్లో ఉంది. 50 మిల్లీసెకన్లలో నీటి అణువు జరిగేది సుమారు 10 మైక్రాన్లు. గుండె ముడుచుకునేటప్పుడు కవాటాల దగ్గరి కండరం ఒక సెంటీమీటరు దాకా దిగుతుంది. వెయ్యి రెట్లు! 1965లో స్టెస్కాల్, టానర్ చూపిన పద్ధతిలో మొదటి అయస్కాంత గ్రేడియెంట్ పల్స్ వేసిన గుర్తును రెండోది చెరిపేస్తుంది. నీరు కదలకుండా ఉంటేనే అది పూర్తిగా చెరుగుతుంది. గోడే కదిలిపోతే సిగ్నల్ పడిపోయి, లేని వ్యాపనం ఉన్నట్టు కనిపిస్తుంది.

ఈ పనిలో అడుగుపెట్టినప్పుడు నా ధ్యాసంతా కదలికను ఎలా ఆపాలన్న దాని మీదే ఉండేది. ఊపిరి బిగబట్టించడం, డయాఫ్రం ఎక్కడుందో చూసుకుని తీయడం, ఈసీజీతో క్షణాన్ని పట్టుకోవడం, ఇవన్నీ ఈనాటికీ కావలసినవే. కానీ ఊపిరిని ఆపమని అడగగలం, గుండెను అడగలేం.

ఆపనక్కర్లేదని నాకు నేర్పింది గ్రేడియెంట్ల లెక్క. వాటి ఆకారాన్ని తగినట్టు మలిస్తే, వేగం వల్ల పేరుకునే ఫేజ్, అంటే చెరగకుండా మిగిలే ఆ గుర్తు, చివరికి సున్నా అవుతుంది. ఇంకాస్త మలిస్తే త్వరణం వల్ల వచ్చేదీ సున్నాయే. వరస లేని అణువుల చలనం మాత్రం ఆ లెక్కకు లొంగక మిగిలిపోతుంది. మనం వెతికేది దాన్నే. ఇందుకు సిగ్నల్ అందేదాకా పట్టే ఎకో సమయం పెరుగుతుంది, బలమైన గ్రేడియెంట్లున్న యంత్రం కావాలి. స్టీమ్ అనే పద్ధతి మరో దారి పట్టింది: మొదటి పల్స్ ఈ గుండెచప్పుడులో, రెండోది తర్వాతి దానిలో సరిగ్గా అదే దశలో. సగం సిగ్నల్ పోతుంది, లయ తప్పిన గుండెల్లో సరిగా కుదరదు.

నన్ను ఎక్కువగా కదిలించినది మరొకటి. గోడ లోపల పోగులు చిన్నచిన్న పొరలుగా సర్దుకుని ఉంటాయి; ప్రతి చప్పుడుకూ ఆ పొరలు తమ వాలు మార్చుకుంటాయి. 2017లో వచ్చిన ఒక అధ్యయనం ప్రకారం, గుండె గోడ మందమయ్యే హైపర్‌ట్రోఫిక్ కార్డియోమయోపతీలో గుండె సడలే వేళ కూడా అవి ముడుచుకున్న తీరులోనే ఉండిపోతున్నాయి. గుండె సాగిపోయే డైలేటెడ్ రకంలో దీనికి ఎదురు, ముడుచుకునే వేళ సరిగా తిరగవు. జబ్బు జాడ ఆ కదలికలోనే ఉంది. అందుకే ఇప్పుడు రోగి ఓర్చుకోగలిగితే సిస్టలీ (ముడుచుకునే దశ), డయాస్టలీ (సడలే దశ) రెండింటినీ తీయమంటాను.