సంచిమీది మార్కా

మా పాఠశాల కార్యాలయమునకు ఈ యేడు నూతన కంప్యూటరొకటి కొనవలసివచ్చినది. ధనము తలిదండ్రుల చందాలవలన సమకూడినది గనుక ఒక్క రూపాయియైనను వృథా కారాదని మా భయము. తక్కిన భాగముల విషయమున వివాదము లేకపోయెను. ర్యాము కడకు వచ్చుసరికి మాత్రము ఉపాధ్యాయుల గదిలో రెండు పక్షములేర్పడినవి. పేరుగల మార్కాయే కొనవలయునని కొందరు, అన్నియు నొక్కటే గనుక చౌకది తెండని కొందరు. మేము ఏ పక్షమునను చేరలేదు. ఏలయన నిరుడు మేమీ ర్యాము మూలముననే మోసపోయి, అంతకంటె హీనమైన తప్పొకటి చేసియుంటిమి. దానిని ముందు చెప్పెదము.

నిరుడు పాత కంప్యూటరు మందగించినదని 8 జి.బి. ర్యాము పలకనొకదానిని కొని తగిలించితిమి. చేతులు మారి వచ్చిన సరకు; బిల్లు లేదు. దానిమీద లోకమెరిగిన యొక పేరుగల చీటి అంటింపబడియుండెను. ఆ చీటిని చూచియే తృప్తిపడితిమి. వారము దినములలో అర్ధసంవత్సర పరీక్షల మార్కుల పట్టిక తెరువబడకపోయెను. మరల వ్రాసితిమి; అదియు చెడినది. నడుమనడుమ తెర నీలివర్ణమై యంత్రము తనంతట తానే ఆగుచుండెను. ఆ దినములలో తొమ్మిదవ తరగతి బాలుడొకడు సాయంకాలములందు మాకు టైపుపనిలో తోడ్పడుచుండెడివాడు. వాడే పెన్‌డ్రైవునుండి ఆటలెక్కించి యంత్రమును చెరచెనని మేము నిశ్చయించుకొని, తరగతి యెదుట మందలించితిమి. "నేనేమీ చేయలేదండీ, మాస్టారూ" అని యొక్కమాట పలికి తలవంచుకొనెను. మరునాటినుండి వాడు కంప్యూటరు గదివైపు రాలేదు.

రెండు వారముల పిమ్మట, బెజవాడలో కంప్యూటర్లు బాగుచేయు మా పూర్వవిద్యార్థి యొకడు వచ్చి చూచెను. మొదట ర్యాము పలకను ఊడదీసి, దాని బంగారు అంచును రబ్బరుతో రుద్ది మరల పెట్టెను. గుణము కనబడలేదు. అంతట మెమ్‌టెస్టు అను పరీక్షాసాధనమును నడిపించి రాత్రియంతయు విడిచిపెట్టుమనెను. తెల్లవారి చూడగా తెరమీద తప్పుల లెక్క వందలలో నుండెను. క్రొత్త పలకను తీసివేసి పాతదానితో మాత్రమే పరీక్షింపగా ఒక్క తప్పును రాలేదు. చీటిమీది సంఖ్యను ఆ కంపెనీవారికి వ్రాసి విచారింపగా, అట్టి సంఖ్యగల సరకు తాము చేయలేదని జవాబు వచ్చినది.

ఇంత చిన్న పలక అంత అనర్థమెట్లు చేయగలదని చదువరులు అడుగవచ్చును. ర్యాములో ఒక్కొక్క బిట్టునకు అతిసూక్ష్మమైన కెపాసిటరొకటి యుండును. దానియందలి విద్యుత్తు చిల్లికుండలో నీరువలె కారిపోవుచుండును గనుక, సెకనుకు పదిసారులకు పైగా దానిని మరల నింపవలయును. ఐ.బి.యం. సంస్థలోని రాబర్టు డెన్నార్డు 1966లో ఈ యుపాయమును కనుగొనెను. 8 జి.బి. పలకలో నిట్టి కుండలు సుమారు 6,870 కోట్లు. నింపులోపల ఆరిపోవు కుండలు కొన్ని యున్నను చాలును. కంప్యూటరు వ్రాతలో 6 అను నంకెకును 4 అను నంకెకును ఒక్క బిట్టే భేదము. అరువదియేడు మార్కులు వచ్చినవానికి నలువదియేడు పడుటకు ఎవరి దుర్బుద్ధియు అక్కరలేదు.

ఆ సాయంకాలమే బాలుని యింటికి పోయితిమి. వాని తండ్రిగారు బియ్యపు మిల్లులో గుమాస్తా. మేము వచ్చిన పని చెప్పగా ఆయన కొంతసేపు మాటలాడలేదు. పిదప కుర్చీ వేయించి, పలక కథయంతయు విని యిట్లనిరి: "మా మిల్లులోనూ అంతేనండీ. బి.పి.టి. 5204 బియ్యమే నాలుగు మార్కాల సంచులలో పోస్తాము. నెమలి బొమ్మ సంచి తిన్నవారు, దీపం బొమ్మ సంచి బాగుండదంటారు. బియ్యం ఒకటే. కాని మా సంచికీ ఓ విలువ ఉందండీ. పురుగు పడితే ఎవరి గడప తొక్కాలో కొన్నవారికి తెలుసు. మా ఖాళీ సంచులు కొని వేరే బియ్యం నింపి అమ్మేవాళ్లున్నారు, వాళ్లతోనే చిక్కు."

బాపట్లలో 1986న విడుదలైన ఆ సాంబమసూరి రకమును మన డెల్టాలో నెరుగనివారు లేరు. ఆయన మాటలు మా మనస్సున నాటుకొనగా, ర్యామునుగూర్చి కొంత చదివితిమి. లోకములోని ర్యాము చిప్పులలో అత్యధిక భాగము చేయువారు ముగ్గురే: కొరియాలోని శాంసంగు, ఎస్.కె. హైనిక్సు, అమెరికాలోని మైక్రాను. 1987లో స్థాపింపబడిన కింగ్‌స్టన్ మొదలుగా అంగడిలో వినబడు పేర్లలో చాలావరకు సంచివారివే. వారు చిప్పులను కొని పలకకు అతికి, పరీక్షించి, తమ చీటి వేయుదురు. ఒకే మార్కాలో ఈ నెల కొరియా చిప్పులును, పైనెల అమెరికా చిప్పులును ఉండవచ్చును. మైక్రానువారు క్రూషియల్ అను పేరుతో తామే నేరుగా అమ్ముచుండిరి. ఆ వ్యాపారము మానుకొనుచున్నామని 2025 డిసెంబరులో ప్రకటించిరి. కృత్రిమ మేధకై కట్టు మహాయంత్రశాలలు చిప్పులనెల్ల లాగికొనుచుండుటచేత ఆ సంవత్సరాంతమున ధరలు విపరీతముగా పెరిగినవి. ధర పెరిగినకొలది ఖాళీసంచుల వ్యాపారమునకు పంట.

ఈ యేడు కొనుగోలుకై ఆ బాలుని వెంటబెట్టుకొని బస్సెక్కితిమి. వాడిప్పుడు పదవ తరగతి. ఉయ్యూరు, కంకిపాడు దాటువరకు వాడు కాగితముమీద వ్రాసికొన్నదానిని మరల మరల చదువుకొనుచుండెను. బెజవాడ అంగడివారు మూడు పలకలు చూపిరి: రంగుల దీపములతో వెలుగునదొకటి, పేరుగలదైనను సాదాయైనదొకటి, మేమెన్నడును వినని పేరుగలదొకటి. దీపముల పలకకు ధర హెచ్చు. మార్కులు కూడుటకు దీపములేల? మూడవది మిక్కిలి చౌక, కాని వారంటీ ఒక్క సంవత్సరమే. చెడినచో నెచటికి పంపవలెనో అంగడివారే చెప్పలేకపోయిరి. బాలుడు వినయముగా నడిగిన ప్రశ్నలు మూడు. "ఇది డి.డి.ఆర్. 5 యేనాండీ? ఈ మదర్‌బోర్డు కంపెనీవారి జాబితాలో ఉందాండీ? బిల్లుమీద పలక సంఖ్య వేస్తారాండీ?" డి.డి.ఆర్. 4 పలక డి.డి.ఆర్. 5 గాడిలో దిగదు. రెంటికిని 288 కాళ్లే యైనను నడిమి గంటు వేరుచోట నుండును. మూడవ ప్రశ్నకు అంగడివారు నవ్వి, "మీ అబ్బాయాండీ?" అని మమ్ము నడిగిరి. మేమేమియు జవాబు చెప్పలేదు.

రెండవ రకమునే, ఒకే పెట్టెలో జతగా వచ్చిన 8 జి.బి. పలకలు రెంటిని కొంటిమి. ఒక్క 16 జి.బి. పలకకంటె రెండు దారుల రాకపోకలు సాగునని బాలుని వాదము, మేము కాదనలేదు. వానికి జీవితకాల వారంటీ యని బిల్లుమీదనే వ్రాసియిచ్చిరి. ధర చూచి చౌకపక్షమువారు కొంత గొణిగిరి.

పామర్రు చేరునప్పటికి ప్రొద్దుక్రుంకినది. యంత్రమును కూర్చి, మార్కుల పట్టిక సంగతి తలపెట్టక మునుపే మెమ్‌టెస్టు నడిపించి తలుపు వేసితిమి. మరునాడు ప్రార్థన గంటకు ముందే బాలుడు కార్యాలయము గుమ్మమున నిలిచియుండెను. తాళము తీసి తెర చూచితిమి. తప్పులు సున్న.

బిల్లు మా బల్ల సొరుగులో హాజరుపట్టీ క్రింద నున్నది. నకలొకటి బాలుడు తీసికొని తన గణితపు పుస్తకములో దాచుకొన్నాడు.