పరాయి చేతులు

ఢిల్లీలో కరోల్ బాగ్ బజారుల చెంత రాజేంద్రనగర మున్నది. 1921లో లాహోరున పుట్టిన గంగారామ్ ఆసుపత్రి దేశవిభజనానంతరము 1954లో అచట మరల వెలసినది. 2024 జనవరిలో అచటి వైద్యులు, రంగులు వేసి జీవించిన ఒక మనిషికి రెండు చేతులు అమర్చిరి. 2020లో రైలు ప్రమాదమున అతని చేతులు పోయినవి. అమర్చినవి మరణించిన ఒక మహిళ చేతులు. పండ్రెండు గంటలకు పైగా పట్టినది. మనదేశమున ఇట్టి చికిత్స 2015లో కొచ్చిలో ఆరంభమైనది.

వినుటకు ఇది అతుకు పనివలె తోచును. ఎముకలను లోహపు పలకలతో బిగింతురు. రక్తనాళములను కలుపగానే పాలిపోయిన చేయి ఎఱ్ఱబారును. అంతవరకు నేర్పు చాలును. నరము మాటయే వేరు. దానిని కుట్టవచ్చును గాని వెంటనే పని చేయింపలేరు. రోగి నరమే క్రొత్త చేతిలోనికి దినమునకు సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున పెరుగుచు పోవలెను.

మూత్రపిండములు చెడిన ప్రాణమునకే ముప్పు. చేతులు లేకున్నను మనిషి బ్రతుకును. ఐనను పరాయి అవయవమును దేహము త్రోసివేయకుండుటకై జీవితాంతము మందులు మ్రింగవలెను. వానివలన అంటురోగముల నెదుర్కొను శక్తి తగ్గును. ఇంత వెల తగునా యని అడుగుట న్యాయమే. కాని అన్నపు ముద్దకు, చొక్కా గుండీకి పరుల చేతులకై కనిపెట్టుకొని యుండువాని చెవికి ఆ ప్రశ్న మరొక విధముగా వినబడును. అందుచేత కత్తి పట్టకముందు వైద్యుడు పరీక్షింపవలసినది మొండిచేతిని మాత్రమే కాదు, ఏండ్ల తరబడి మందును మరువని స్వభావమును కూడ.

మార్చిలో ఇంటికి మరలుటకు ముందు అతడు వైద్యుల నడుమ నిలిచి రెండు బొటనవ్రేళ్ళు పైకెత్తి చూపెను. వ్రేలికొనలకు చేరవలసిన స్పర్శ అప్పటికింకను దారిలోనే యున్నది.