నాన్న కళ్ళు మూయని ఫోటో

మా ఇంట్లో ఆల్బమ్‌లు ఐదున్నాయి. ఐదింటిలోనూ నాన్న కళ్ళు మూసుకునే ఉంటారు. అక్క పెళ్ళిలో, నా అన్నప్రాసనలో, సింహాచలం మెట్ల దగ్గర... ఎక్కడ చూసినా ఫ్లాష్ వెలిగే టైమ్‌కి రెప్పలు వాలిపోతాయి. వైజాగ్ స్టీల్ ప్లాంట్‌లో 34 ఏళ్ళు బ్లాస్ట్ ఫర్నేస్ దగ్గర పనిచేసిన మనిషికి కెమెరా మెరుపంటే పడదు!

ప్లాంట్ లోపలికి కెమెరా తీసుకెళ్ళనివ్వరు. కాబట్టి డ్యూటీలో ఉన్న ఫోటో ఒక్కటీ లేదు. కళ్ళు తెరిచి ఉన్నది గేట్‌పాస్ మీద తపాలాబిళ్ళంత ఫోటో ఒక్కటే. రిటైరైన రోజు అదీ వెనక్కి ఇచ్చెయ్యాలి. ఆ రోజు ఈ నెలాఖరునే. అందుకే నా నికాన్ డీ5600కి ఒక మంచి ఫ్లాష్ కొందామని బయల్దేరాను. ఈ తిరుగుడంతా దాని కోసమే.

ఫిషింగ్ హార్బర్, తెల్లవారుజామున ఐదు

ముందు కెమెరాతో వచ్చిన ఫ్లాష్ సంగతి తేల్చుకుందామని హార్బర్‌కి వెళ్ళాను. ఇంకా చీకటిగానే ఉంది. ఎదురుగా డాల్ఫిన్ నోస్ కొండ నల్లటి గోడలా ఉంది. మరబోట్ల నుంచి వంజరాలు, చందువలు, రొయ్యలు దిగుతున్నాయి. వేలం పాట జోరుగా సాగుతోంది. ఒక పెద్దామె గంప ముందు కూర్చుని కెమెరా ఎత్తి నొక్కాను.

"ఏటి బాబూ, కళ్ళల్లో ఆ మెరుపేటి? సేపలు సూసుకోనా, నీ పోటోకి నిలబడనా?"

సారీ చెప్పి స్క్రీన్ చూసుకున్నాను. ఆమె మొహం సున్నం కొట్టినట్టుంది. చేపల పొలుసులు అద్దం ముక్కల్లా మెరిసి తెల్లగా కాలిపోయాయి. వెనకున్న బోట్లన్నీ చీకట్లో కలిసిపోయాయి. ఆమెకి చూపించి, ఆమె ముందే డిలీట్ చేశాను.

తప్పు ఫ్లాష్‌ది కాదు, లెక్కది. ప్రతి ఫ్లాష్‌కీ ఒక గైడ్ నంబర్ ఉంటుంది. దాన్ని లెన్స్ అపర్చర్‌తో భాగిస్తే ఐఎస్ఓ 100 దగ్గర ఎన్ని మీటర్లు అందుతుందో వస్తుంది. నా కెమెరాలో ఉన్నదానికి సుమారు 12. ఎఫ్/4 దగ్గర మూడు మీటర్లు. దూరం రెట్టింపైతే వెలుగు నాలుగో వంతే మిగులుతుంది. మరి పాతిక మీటర్ల అవతలున్న బోటుకి ఏం మిగులుతుంది?

డాబాగార్డెన్స్, మధ్యాహ్నం

కెమెరా షాపులో గైడ్ నంబర్ 60 ఉన్నది కావాలని అడిగాను. కౌంటర్ వెనకున్న పెద్దాయన నవ్వారు. "ఆ 60 ఫ్లాష్ తలని 200 మిల్లీమీటర్లకి జూమ్ చేసినప్పటి మాట బాబూ. 35 దగ్గర పెడితే 40 లోపుకి పడిపోద్ది. ఇంతకీ ఎవరిని తీస్తావు?"

నాన్న కథ చెప్పాను. ఆయన రెండు ఫ్లాష్‌లు తీసి బల్ల మీద పెట్టారు. ఒకటి టీటీఎల్. వెలుగు ఎంత కావాలో కెమెరాయే చూసుకుంటుంది. రెండోది మాన్యువల్. మనమే పెంచుకోవాలి, తగ్గించుకోవాలి. ధర చాలా తక్కువ. రెండిటి తలా పైకీ పక్కలకీ తిరుగుతుంది.

"టీటీఎల్‌లో అసలు మెరుపుకి ముందు ఇంకో చిన్న మెరుపు వస్తుంది. వెలుగు కొలుచుకోడానికి. కొంతమందికి దానికే రెప్ప పడిపోద్ది. మాన్యువల్‌లో అది ఉండదు" అన్నారు.

నాకు బల్బు వెలిగింది. అసలు మెరుపు సెకనులో వెయ్యో వంతు. రెప్ప అంత వేగంగా కదల్లేదు. రీలు కెమెరాల కాలంలో నాన్న భయపడి ముందే మూసేసి ఉంటారు. డిజిటల్ వచ్చాక ఈ ప్రీ-ఫ్లాష్ తోడైంది. పాపం, ఆయన్ని ఎంత ఆటపట్టించామో!

ఇంకో సంగతీ అక్కడే తెలిసింది. ఎండలో ఎక్కువ షట్టర్ స్పీడ్‌తో ఫ్లాష్ వాడాలంటే హై స్పీడ్ సింక్ కావాలి. నా డీ5600లో అది లేదు, 1/200 దాకానే. బాడీలో లేనప్పుడు ఫ్లాష్ బాక్స్ మీద ఎంత పెద్ద అక్షరాలతో రాసినా లాభం లేదు. అలాగే కానన్ 1500డీ లాంటి కొన్ని కెమెరాల హాట్ షూలో మధ్య పిన్ ఉండదు. ఒక్క పిన్ మీద పనిచేసే చవక ఫ్లాష్‌లు వాటి మీద వెలగవు. మామయ్య దగ్గరున్న రీలు కాలం నాటి ఫ్లాష్ పెడదామన్నా ఆగండి. వాటిలో కొన్ని వందల వోల్టులు వదిలి డిజిటల్ కెమెరాని పాడుచేస్తాయి.

కొనకుండా మాన్యువల్ ఫ్లాష్‌ని ఒక రోజుకి అద్దెకి తీసుకున్నాను.

ఆర్కే బీచ్, పొద్దు వాలాక

ఇసుకలో నిలిచిన ఐఎన్ఎస్ కురుసురా ముందు ఫ్రెండ్‌ని నిలబెట్టాను. 1969లో నేవీలో చేరిన ఈ సబ్‌మెరైన్ 2002 నుంచి మ్యూజియంగా ఉంది. 1/200 దగ్గర తీస్తే వాడొక్కడే కనిపించాడు, వెనక సబ్‌మెరైన్ మాయం. 1/15కి తగ్గించగానే సబ్‌మెరైన్, రోడ్డు లైట్లు, ఆకాశంలో మిగిలిన నీలం అన్నీ వచ్చేశాయి. మనిషికి ఫ్లాష్, వెనకున్న ఊరికి షట్టర్. రాత్రి వైజాగ్‌లో ఫోటో తీయడానికి ఈ ఒక్క ముక్క చాలు.

కానీ వాడి మొహం తెల్లగా, వెనకంతా పసుపుగా ఉంది. ఎక్కడో అతకలేదు.

ఉక్కునగరం, రాత్రి

క్వార్టర్స్‌కి వచ్చి ఆ ఫోటో నాన్నకి చూపించాను. ఒక్క చూపు చూసి, "రెండు వేడులు కలిపేశావు కదరా" అన్నారు.

అర్థం కాలేదు. "కరిగిన ఇనుము 1500 డిగ్రీల దగ్గర ఉంటుంది. వేడెక్కేకొద్దీ ఎరుపు పోయి నారింజ, పసుపు, ఆపైన తెలుపు. మీటర్ కన్నా ముందు మాకు కన్నే చెప్పేది. మీ లైట్లకీ అంతే కదా?"

అంతే! పసుపు బల్బు సుమారు 3000 కెల్విన్, ఫ్లాష్ దాదాపు 5500. ఫ్లాష్ మీద నారింజ రంగు జెల్ కాగితం పెడితే రెండూ దగ్గరవుతాయి. యూట్యూబ్‌లో పది వీడియోలు చూసినా నా బుర్రకి ఎక్కనిది నాన్న పడక్కుర్చీలోంచి చెప్పేశారు. ప్లాంట్‌లోని మూడు ఫర్నేస్‌లు గోదావరి, కృష్ణ, అన్నపూర్ణల గురించి ఆ రాత్రి చాలాసేపు చెప్పారు. నీలం అద్దంలోంచి లోపలి మంట చూడటం గురించి కూడా. ఇన్నేళ్ళలో నేనెప్పుడూ అడగలేదు.

ఆయన నిద్రపోయాక అమ్మని కూర్చోబెట్టి ఫ్లాష్ తల సీలింగ్ వైపు తిప్పి తీశాను. వెలుగు పైనుంచి మెత్తగా దిగింది. లేత ఆకుపచ్చ గోడకి తగిలించి తీస్తే మాత్రం అమ్మ మొహం పచ్చగా అయిపోయింది. గోడ రంగే మొహానికి వస్తుందన్నమాట.

మళ్ళీ హార్బర్

ఫ్లాష్ తిరిగి ఇచ్చే ముందు హార్బర్‌కే వెళ్ళాను. ఈసారి వేలం అయ్యేదాకా ఆగి పెద్దామెని అడిగాను. "కళ్ళల్లో కొట్టకుండా తియ్యి మరి" అంది. అక్కడ సీలింగ్ ఎక్కడుంది? చుట్టూ చూస్తే చేపల్ని ఐసులో పెట్టే థర్మాకోల్ పెట్టెలు కనిపించాయి. ఒక మూత కడిగి ఆమె మనవడి చేతికిచ్చాను. ఫ్లాష్‌ని ఆ తెల్ల మూత వైపు తిప్పాను. గంప, పొలుసులు, ఆమె నవ్వు, వెనక బోట్లు అన్నీ పడ్డాయి. "ఇది బాగుంది, కాయితం మీద తెచ్చియ్యి" అంది. ప్రింట్ ఇచ్చి వచ్చాను.

ఆ మధ్యాహ్నమే మాన్యువల్ ఫ్లాష్ కొన్నాను. పరుగులు పెట్టే పెళ్ళిళ్ళు తీసేవాళ్ళకి టీటీఎల్ కావాలి. కూర్చున్న నాన్నకి అక్కర్లేదు. రీచార్జ్ అయ్యే ఏఏ బ్యాటరీలు నాలుగు తీసుకున్నాను. సముద్రపు గాలికి తుప్పు పడుతుంది కాబట్టి వాడనప్పుడు బ్యాటరీలు తీసేసి, సిలికా జెల్ పొట్లంతో జిప్ కవర్‌లో పెడుతున్నాను.

నెలాఖరు

ఆ సాయంత్రం నాన్న మెడలో దండ, భుజాన శాలువాతో వచ్చారు. కుర్చీలో కూర్చుని, గేట్‌పాస్ లేని ఖాళీ తాడుని వేళ్ళకి చుట్టుకుంటూ ఉన్నారు. ఫ్లాష్ సీలింగ్ వైపు, పవర్ ఎనిమిదో వంతు, ఐఎస్ఓ 800, ఎఫ్/4. అమ్మ మీద ముందే సరిచూసుకున్న లెక్క అది.

నాన్న అలవాటుగా కళ్ళు చికిలించారు. "ప్లాంట్ మొదటిరోజు ఎలా ఉంది నాన్నా?" అని అడిగాను. తలెత్తి ఏదో చెప్పబోయారు. నొక్కాను.

"ఏరా, అప్పుడే అయిపోయిందా?"

కెమెరా చేతికిచ్చాను. చాలాసేపు చూశారు. కళ్ళు రెండూ తెరిచి ఉన్నాయి. కాస్త తడిగా కూడా ఉన్నాయి.

"ఇదేరా," అన్నారు మెల్లగా, "గేట్‌పాస్ మీద వెయ్యాల్సిన ఫోటో."