పొగ చెప్పిన దారి

పుష్య అమావాస్యకు మూడు రోజుల ముందు, ఆసిఫాబాద్‌లో పెద్దవాగుకు దగ్గర్లో బండి ఆపుకొని పడుకున్నాం. బండి మా బావది. పాత డీజిల్ వ్యాన్ కొని, వెనక సీట్లు పీకించి, మంచం, గ్యాస్ పొయ్యి, ఫ్యాను పెట్టించాడు. సినిమావాళ్ల కారవాన్‌తో పోలిస్తే ఆయనకు నచ్చదు, చైతన్య రథం అనాలి. 1982లో ఎన్టీఆర్ పాత షెవ్రొలే వ్యాన్‌ను రథంగా మార్చుకొని, రోడ్డు పక్కనే స్నానం చేస్తూ ఊరూరా తిరిగాడు. ఆ రథానికి ఆయన కొడుకు హరికృష్ణ సారథి. మా రథానికి బావ సారథి, తోసేవాణ్ని నేను. గోండులు నాగదేవతను కొలిచే కేస్లాపూర్ నాగోబా జాతరకు బయల్దేరాం.

తెల్లారి తాళం తిప్పితే 'టక్' అని ఒక్క చప్పుడు, అంతే. ఈ జిల్లా చలి మామూలుది కాదు. రాష్ట్రంలోకెల్లా తక్కువ ఉష్ణోగ్రతలంటూ చలికాలం పేపర్లో వచ్చే ఊళ్లలో సిర్పూర్-యు, గిన్నెధరి ఇక్కడివే. చలికి బ్యాటరీ సత్తువ తగ్గుతుంది, ఇంజన్ ఆయిల్ చిక్కబడుతుంది. అసలు తప్పు మాత్రం మాదే. ఇంటి లైటుకూ ఫ్యానుకూ వేరే బ్యాటరీ పెట్టకుండా ఇంజన్ బ్యాటరీకే కలిపాడు బావ. రాత్రంతా ఫోన్లు కూడా దానికే ఛార్జింగ్ పెట్టాం. నిండుగా ఉన్న బ్యాటరీ 12.6 వోల్టులు చూపాలి, 12.2 అంటే సగం ఖాళీ. మీటరు పెడితే మాది 11.8. పక్కన ఆగిన జీపు డ్రైవర్ తీగలు తెచ్చాడు. ముందు టెర్మినల్స్ మీది తెల్లటి బూజు వేడినీళ్లతో కడిగించాడు. ప్లస్‌కు ప్లస్ కలిపి, మైనస్ తీగ చివరి కొసను మా బ్యాటరీకి కాకుండా ఇంజన్ ఇనుముకు తగిలించాడు. బ్యాటరీ దగ్గర నిప్పురవ్వ లేస్తే, దాన్నుంచి వచ్చే గ్యాసు అంటుకోవచ్చట. బండి లేచింది.

కెరమెరి దాటి, హట్టి దగ్గర జోడేఘాట్ దారి పట్టాం. గోండు వీరుడు కుమ్రం భీము 1940లో నేలకొరిగిన కొండలవి. గుట్ట వాలులో, ముక్కు పైకెత్తి బండి నిలిపి, చాలాసేపు తిరిగొచ్చాం. ఈసారి సెల్ఫ్ జోరుగా తిరుగుతోంది, సైలెన్సర్‌లోంచి పొగ మాత్రం లేదు. బావ మళ్లీ మళ్లీ కొట్టాడు. అడిగిన ప్రశ్ననే అరిచి అడిగినట్టు. పది పదిహేను సెకన్లకు మించి ఒక్కసారి తిప్పితే సెల్ఫ్ మోటారు వేడెక్కుతుంది, నిమిషమైనా ఆగాలి. ఆగాక తట్టింది. పొగ లేదంటే డీజిల్ రావట్లేదు. వాగు ఎండితే ఎగువకు పోయి చూస్తాం కదా. పైపు వెంట చూసుకుంటూ పోతే ఫిల్టర్ దగ్గర క్లిప్పు వదులైంది. అందులోంచి గాలి జొరబడి, వాలులో డీజిల్ వెనక్కి, ట్యాంకులోకి జారిపోయింది. దీన్నే డ్రైవర్లు 'ఎయిర్ పట్టింది' అంటారు. క్లిప్పు బిగించి, ఫిల్టర్ మీది స్క్రూ వదులు చేసి, చేతిపంపు కొట్టాను. ముందు నురగ, తర్వాత బుడగలు, చివరికి నికార్సయిన డీజిల్. స్క్రూ బిగించాక రెండో సెల్ఫ్‌కే అందుకుంది.

మళ్లీ పెద్ద రోడ్డెక్కితే కెరమెరి ఘాట్. మలుపు మలుపుకూ టేకు చెట్లు, లోయలో పలచటి మంచు. ఘాట్ దాటి జైనూర్, ఆ పక్కనే మార్లవాయి. 1940లలో మానవశాస్త్రవేత్త హైమెండార్ఫ్, ఆయన భార్య గోండుల మధ్య మకాం పెట్టిన ఊరు. ఇద్దరి సమాధులూ ఇక్కడే ఉన్నాయి. రాత్రి అక్కడే ఉన్నాం.

పొద్దున మూడో రకం మొండితనం. సెల్ఫ్ బాగుంది, పొగా వస్తోంది, తెల్లగా. కానీ అంటుకోదు. డీజిల్ చేరుతోంది, కాలట్లేదన్నమాట. డీజిల్ ఇంజన్‌లో నిప్పురవ్వ ఉండదు. 1897లో జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో రుడాల్ఫ్ డీజిల్ నిరూపించింది అదే. గాలిని గట్టిగా నొక్కితే, ఆ వేడికే ఇంధనం మండుతుంది. సైకిల్‌కు గాలి కొడితే పంపు చేతికి వేడిగా తగులుతుంది చూడండి, అదే సూత్రం. ఇలాంటి పాత ఇంజన్లలో 20 వంతుల గాలిని ఒక్క వంతులోకి నొక్కుతారు. సిలిండర్ మంచులా ఉంటే ఆ వేడిని ఇనుమే తాగేస్తుంది. అందుకే సిలిండర్ లోపల ముందే వేడి పుట్టించే హీటర్ ప్లగ్గులు. మావి నాలుగింట్లో రెండు మాడిపోయాయి. ఎండ ముదిరాక ఎలాగో కదిలింది.

ఉట్నూరు మెకానిక్ కొత్త ప్లగ్గులు వేస్తూ అడిగాడు: "డీజిల్ ఎప్పుడు కొట్టించిన్రు సార్?" ఎండాకాలంలో, అన్నాం. బండి ఆర్నెల్లు నిలబడే ఉంది. "గదీ సంగతి. ఎండలకాలం డీజిల్ చలికి పేరుకుంటది." నిజమే. మన ప్రమాణాల ప్రకారం చలికాలపు డీజిల్ 6 డిగ్రీల దాకా ఫిల్టర్‌కు అడ్డుపడకూడదు. ఎండాకాలపు దానికి ఆ హద్దు 18 డిగ్రీలు. అంతకన్నా చలి పెడితే మైనం కట్టొచ్చు. కారవాన్లకే ఈ బాధ ఎక్కువ, ఏడాదిలో సగం కదలవు కనుక. ట్యాంకు కింద మంట పెట్టే డ్రైవర్లను చూశానని బావ అన్నాడు. మెకానిక్ స్పానర్ ఆపి చూశాడు. "గట్ల చేస్తే బండి గాదు, మీరు పోతరు." ఫిల్టర్ మార్చి, అడుగున చేరిన నీళ్లు వదిలించి, కొత్త డీజిల్ కలిపించి పంపాడు.

ముత్నూరు దగ్గర మలుపు తిరిగితే కేస్లాపూర్. మర్రిచెట్ల కింద గోండుల్లో మెస్రం వంశీయుల ఎడ్లబండ్లు బారులు తీరి ఉన్నాయి. గోదావరి దాకా నడిచి వెళ్లి తెచ్చిన గంగాజలంతో నాగోబాకు పూజ. ఆ బండ్లలో బియ్యం, గిన్నెలు, దుప్పట్లు, పిల్లలు. ఇల్లు మొత్తం చక్రాల మీదే. బావ తన మంచం, పొయ్యి ఎవరికీ చూపించలేదు.

అమావాస్య వెళ్లిన తెల్లవారి ఎముకలు కొరికే చలి. పక్క బండి కుర్రాడు ఎడ్ల వీపు నిమిరి, కాడి ఎత్తాడు. అవి మెడలు చాచి నిలబడ్డాయి. మా వైపు చూసి నవ్వాడు. "సార్, మీది లేసిందా?"

బావ తాళం సగం తిప్పి, హీటర్ లైటు ఆరేదాకా చూస్తున్నాడు. "లేపుతున్న తమ్మీ, జర ఆగు."