నీళ్లు నిమ్మళంగా కనిపించే చోట

నారాయణఖేడ్ నుంచి ఎటు పోయినా సముద్రం నాలుగు వందల కిలోమీటర్ల పైమాటే. తూర్పున మచిలీపట్నం అంత దూరం, పడమట కొంకణ తీరం ఇంకాస్త దూరం. 1956 దాకా బీదర్ జిల్లాలో ఉండి, రాష్ట్రాల పునర్విభజనతో మెదక్‌లో కలిసిన తాలూకా మాది. మా సంతలో తెలుగు, కన్నడ, మరాఠీ, ఉర్దూ, లంబాడీ అన్నీ వినిపిస్తాయి గాని, ఏ భాషలోనూ సముద్రం ఊసు రాదు. మాకు నీళ్లంటే బాయి, చెరువు, మనూరు వైపు పోతే మంజీర. అందులోనూ ఈత మొగపిల్లల సొత్తు. నడుముకు బెండు కట్టుకుని వాళ్లు బాయిలోకి దూకుతుంటే మేం గడ్డ మీద కూచుని చూసేవాళ్లం. నీళ్లు మోసింది మేము, ఈదింది వాళ్లు.

ఆ ఊరి ఆడబిడ్డను నేను. ఇప్పుడు సిడ్నీకి దక్షిణాన ఒక ఇసుక తీరంలో, నలభై దాటిన వయసులో, సర్ఫింగ్ చేస్తున్నాను. ఫోన్లో చెప్తే అవ్వ ఒకటే మాట అన్నది: "సముద్రంల నీకేం పని బిడ్డా, గడ్డ మీదుండి చూడరాదా?" ఆమె భయం ఉత్త భయం కాదు. సముద్రం పాలైన పిల్లల వార్తలు ఆమె టీవీలో చూస్తూనే ఉంటుంది. ఆమెకు ఫోన్లో పూర్తిగా చెప్పలేకపోయినదే ఇక్కడ రాస్తున్నాను.

సిడ్నీ పడమటి పేటల్లో, పారమటా, వెస్ట్‌మీడ్, వెంట్‌వర్త్‌విల్ చుట్టూ ఉండే తెలుగువాళ్లలో హెలెన్స్‌బర్గ్ వేంకటేశ్వరస్వామి గుడి తెలియనివాళ్లు ఉండరు. శనివారం దర్శనం, క్యాంటీన్‌లో దోసె, పులిహోర, ఆ పైన ఇంటిదారి. ఆ ఇంటిదారి పట్టకుండా ఇంకో గంటసేపు దక్షిణంగా పోతే, వొలాంగాంగ్, కయామా దాటాక జెరోవా అనే చిన్న ఊరొస్తుంది. ఊరి పక్కన బ్లాక్ హెడ్ అనే రాతి గుట్ట సముద్రంలోకి పొడుచుకొచ్చి ఉంటుంది. దాని చాటున మొదలయ్యే సెవెన్ మైల్ బీచ్ పది కిలోమీటర్లకు పైగా వంపు తిరిగి షోల్‌హావెన్ హెడ్స్ దాకా పోతుంది. 1933 జనవరి 11న చార్లెస్ కింగ్స్‌ఫర్డ్ స్మిత్ తన 'సదరన్ క్రాస్' విమానాన్ని ఈ ఇసుక మీదనే పరుగెత్తించి న్యూజీలాండ్‌కు ఎగిరాడు. విమానం బరువు మోసేంత గట్టి ఇసుక, అంత చదును, అంత పొడవు. నీళ్ల కింద కూడా నేల అట్లాగే మెల్లమెల్లగా దిగుతుంది కాబట్టి కెరటం దూరంగానే విరిగి, జోరు తగ్గించుకుని ఒడ్డుకు వస్తుంది. కొత్తగా నేర్చుకునేవాళ్లకు ఇంతకన్నా మంచి చోటు నేను చూడలేదు.

కెరటం ఎక్కడ విరగాలో చెప్పేది అడుగున ఉన్న నేల. టాస్మన్ సముద్రంలో ఎక్కడో గాలివాన నీళ్లను తోస్తే ఆ ఊపు ఎంతో దూరం ప్రయాణించి ఇక్కడికి చేరుతుంది. లోతు ఉన్నంతసేపు అది నీటి మీద ఒక ఉబ్బు మాత్రమే. కెరటం ఎత్తు మీటరు ఉందనుకోండి. లోతు సుమారు మీటరుంబావుకు తగ్గేసరికి కిందిభాగం వెనకబడుతుంది, పైభాగం ముందుకు ఒరిగి తిరగబడుతుంది. అడుగున బండరాయి ఉన్న చోట ఏళ్ల తరబడి అదే తావున విరుగుతుంది. ఇసుక అట్లా కాదు. పెద్ద గాలివాన ఒకటి వచ్చి పోయిందంటే పోయిన వారం ఉన్న మిట్ట ఈ వారం ఉండదు. నిన్న నడుములోతు ఉన్న చోట ఇవాళ కాలందదు. అందుకే ఇక్కడ అనుభవమున్నవాళ్లు వచ్చీరాగానే దిగరు. బోర్డు చంకలో పెట్టుకుని, ఒక్క మాటా లేకుండా, చాలాసేపు నీళ్లనే చూస్తూ నిలబడతారు. వాళ్ల అలవాట్లన్నిటిలో నాకు బాగా నచ్చింది అదే. పొద్దున్నే పడమటి గాలి నేల మీంచి సముద్రం మీదికి వీస్తుంటే కెరటం ముఖం నున్నగా నిలబడుతుంది. ఎండాకాలం మధ్యాహ్నానికి ఈశాన్యపు గాలి లేచి అంతా గజిబిజి చేస్తుంది. బ్లాక్ హెడ్ అడ్డున్నందువల్ల జెరోవా కొసన ఆ గాలి దెబ్బ కాస్త తక్కువ.

నేను ముందు నేర్చుకున్నది ఈత, కౌన్సిల్ వాళ్ల కొలనులో, పెద్దవాళ్ల తరగతిలో. ఆ వరస ఎవరూ తప్పకూడదు. ఆ తర్వాతే జెరోవాలో పాఠాలు. కొత్తవాళ్లకు ఇచ్చేది మెత్తటి ఫోమ్ బోర్డు, పొడవు ఎనిమిది తొమ్మిది అడుగులు. వెనక కాలి చీలమండకు దాని తాడు చుట్టుకోవాలి. మొదటి పాఠం అంతా ఇసుక మీదనే: బోర్లా పడుకోవడం, అరచేతులు రొమ్ము పక్కన ఆనించడం, ఒక్క ఊపున కాళ్లు ముందుకు తెచ్చి నిలబడటం. నీళ్లలోకి పోయాక నడుములోతులో, అప్పటికే విరిగి వచ్చే తెల్లటి నురుగు మీద సాధన. నురుగు వచ్చి బోర్డు తోకను ఎత్తుతుంది. రెండు బారలు గట్టిగా వేస్తే, అప్పటిదాకా మనం ఈడుస్తున్న బోర్డు ఒక్కసారిగా మనల్ని తీసుకుని కదులుతుంది. ఆ సంగతి ముందుగా పొట్టకు తెలుస్తుంది. అప్పుడు లేవాలి. చూపు కాళ్ల మీద పెట్టినవాళ్లు పడతారు, ఒడ్డున ఏ చెట్టు మీదనో పెట్టినవాళ్లు నిలుస్తారు. నేను మొదటిసారి నిలబడ్డప్పుడు బోర్డు కింద నీళ్లు గలగలా పరుగెడుతున్నాయి, ఆ వణుకు అరికాళ్ల నుంచి మోకాళ్ల దాకా పాకింది, ఒడ్డు తనంతట తను నా వైపు వస్తోంది. చీలమండలోతుకు వచ్చి బోర్డు ఆగింది. దిగి, దాన్ని తిప్పుకుని, మళ్లీ లోపలికి నడిచాను. నీళ్లలో నడిచి అంత అలిసిపోయి అంత సంతోషపడ్డ రోజు నా బతుకులో అంతకు ముందు లేదు.

ఆస్ట్రేలియాలో సర్ఫింగ్ కథ ఎత్తితే అందరూ హవాయి ఈతగాడు డ్యూక్ కహనమోకు పేరు చెప్తారు. 1914 డిసెంబరులో సిడ్నీలోని ఫ్రెష్‌వాటర్ తీరంలో, ఇక్కడికి వచ్చాక చేసుకున్న షుగర్ పైన్ చెక్క బోర్డు మీద నిలబడి జనానికి చూపించాడాయన. ఆ బోర్డు ఇప్పటికీ అక్కడి లైఫ్ సేవింగ్ క్లబ్బులో ఉంది. నాకు మాత్రం ఆయన వెనక వచ్చే పేరు ఎక్కువ ఇష్టం, ఇసబెల్ లెథమ్. పదిహేనేళ్ల పిల్ల. డ్యూక్ ఆమెను తన బోర్డు ముందు ఎక్కించుకుని కెరటాలు పట్టాడు. పెద్దయ్యాక ఆమె ఏళ్ల తరబడి ఈత నేర్పింది. అయినా ఈ దేశంలో ఆడవాళ్లను లైఫ్ సేవర్లుగా పూర్తి సభ్యత్వమిచ్చి తీసుకున్నది 1980లో. గడ్డ మీద కూచోబెట్టడం మా ఊరి పద్ధతి ఒక్కటే కాదని ఆమె కథతో తెలిసింది.

మా అక్క కొడుకు వొలాంగాంగ్‌లో ఎంఎస్ చదవడానికి వచ్చాడు. మంజీరలో ఈదిన పిల్లగాడు, ఒంట్లో బలమున్నవాడు. వాణ్ని బ్లాక్ హెడ్ మీద నిలబెట్టి అడిగాను: "నీళ్లల్ల దిగాల్నంటే ఏడ దిగుతవురా?" ఎడమవైపూ కుడివైపూ కెరటాలు తెల్లగా విరుగుతున్నాయి. నడుమ ఒక పట్టీ మాత్రం ముదురు రంగులో, అల లేకుండా, నిమ్మళంగా ఉంది. వాడు వేలు పెట్టి దాన్నే చూపించాడు. "గదే చిన్నమ్మా, నడిమిట్ల. అండ్ల అలలు లేవు గద!" నేనడిగిన మన పిల్లలు చాలామంది అక్కడికే చూపిస్తారు. అది రిప్ కరెంట్.

ఒడ్డుకు వచ్చిన నీళ్లు వెనక్కి పోవాలి కదా. ఇసుక మిట్టల మీంచి పోలేవు, అక్కడ కెరటాలు ఎదురొస్తుంటాయి. మిట్టకూ మిట్టకూ నడుమ లోతైన సందు ఉంటే అన్నీ అందులోకే చేరి సముద్రంలోకి పారుతాయి. లోతు కాబట్టి అక్కడ కెరటం విరగదు, లోతు కాబట్టే రంగు ముదురు. చూస్తే ప్రశాంతం, దిగితే ఏరు. "ఆ నురుగు తునకలు చూడు, ఎటు పోతున్నయి?" అన్నాను. వాడు కాసేపు చూసి, "లోపలికి పోతున్నయి" అన్నాడు. గొంతు మారింది. జోరు మీదున్నప్పుడు ఆ పారకం ఒలింపిక్ ఈతగాడి వేగాన్ని కూడా మించుతుంది. కాని అది మనిషిని కిందికి గుంజదు, దూరంగా తీసుకుపోతుంది. దానికి ఎదురీది ఎదురీది దమ్ము అయిపోయినవాళ్లే మునుగుతారు. చిక్కుకుంటే వెల్లకిలా తేలాలి, చెయ్యెత్తాలి, కేక వేయాలి. ఓపిక ఉంటే ఒడ్డుకు సమాంతరంగా, తెల్లగా కెరటాలు విరిగే వైపుకు ఈదాలి. అక్కడ మిట్ట ఉంటుంది, కెరటమే ఒడ్డుకు తోస్తుంది. బాయిలో ఎంత ఈదినా ఇది తెలిసేది కాదు. బాయి నీళ్లు ఎటూ పోవు.

వీటన్నిటికన్నా ముందు ఎరుపు–పసుపు జెండాల మాట. ఈదేవాళ్లు ఆ రెండు జెండాల నడుమే దిగాలి. అవి రోజూ ఒకే చోట ఉండవు. పొద్దున్నే లైఫ్ సేవర్లు నీళ్ల తీరు చూసి పాతుతారు. 1938 ఫిబ్రవరి 6న సిడ్నీ బాండై తీరంలో వరసగా వచ్చిపడ్డ పెద్ద కెరటాల లాగుడుకు వందలమంది లోపలికి కొట్టుకుపోతే, లైఫ్ సేవర్లు ఐదుగుర్ని తప్ప అందరినీ బతికించి తెచ్చారు. ఆ పని చేసేవాళ్లలో ఎక్కువమంది ఇప్పటికీ జీతం లేని వాలంటీర్లే.

ఇసుక తీరు, నీళ్ల తీరు చదివే ఈ విద్య మనకు కొత్తదేం కాదు. 1950ల మొదట్లో అమెరికా సముద్ర శాస్త్రవేత్త యూజీన్ లాఫాండ్ ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చి పాఠాలు చెప్పాడు. ఆయన, ప్రసాదరావు అనే మరో పరిశోధకుడు కలిసి వాల్తేరు తీరంలో ఇసుక కోసుకుపోవడం, తిరిగి చేరడం గమనించి రాసిన వ్యాసం 1954లో అచ్చయింది. విశాఖకు ఎదురుగా సముద్రం అడుగున ఉన్న లోయలకు ఆంధ్ర, మహదేవన్ అని పేర్లు కూడా ఉన్నాయి. మన ఇసుక ఎట్లా కదులుతుందో మన విశ్వవిద్యాలయానికి డెబ్బై ఏళ్ల కిందటే తెలుసన్నమాట. ఆర్కే బీచ్‌లో ప్యాంటు మడిచి నీళ్లలోకి దిగే కుర్రాడి దాకా ఆ మాట చేరలేదు. 2022 జూలైలో పూడిమడక తీరంలో ఇంజనీరింగ్ విద్యార్థులు కొట్టుకుపోయారు. ఋషికొండ, యారాడ, సూర్యలంక, చీరాల ఓడరేవు, ఏ సెలవులు వచ్చినా ఇవే పేర్లు, ఇవే వార్తలు. వాళ్లలో హైదరాబాద్ నుంచి రాత్రంతా ప్రయాణం చేసి, పొద్దున్నే బ్యాగులు ఇసుక మీద పడేసి దిగిన పిల్లలూ ఉంటారు. మర్నాడు పేపర్లో "రాకాసి అలలు" అని శీర్షిక. అది చూస్తే నాకు కోపం వస్తుంది. అల రాకాసిదే అయితే మనం చేయగలిగింది ఏమీ లేదు. నీళ్లు లోపలికి పోయే దారి కంటికి కనిపించేదే అయితే, చేయాల్సింది చాలా ఉంది.

హైదరాబాద్‌లోనే ఇన్‌కాయిస్ అనే జాతీయ సముద్ర సమాచార కేంద్రం ఉంది. దేశం తీరాలన్నిటికీ కెరటాల అంచనాలు, 2007 నుంచి సునామీ హెచ్చరికలు అక్కడినుంచే పోతాయి. నారాయణఖేడ్ బడిపిల్లలకు అది ఒక పూట బస్సు ప్రయాణం. సముద్రం లేని జిల్లాల పిల్లలకే ఈ పాఠం ముందు చెప్పాలి, ఎందుకంటే సముద్రం కనిపించగానే ఆగలేనిది వాళ్లే.

మరి ఈ పాఠం చెప్పేదెవరు? ముందొక కథ చెప్తాను. సర్ఫింగ్ తొలిసారి ఒలింపిక్స్‌లో చేరింది టోక్యోలో. 2021 జూలైలో పోటీలు జరిగిన త్సురిగసాకి కూడా ఇసుక తీరమే. పురుషుల స్వర్ణం గెలిచిన ఇటాలో ఫెరేరా బ్రెజిల్‌లో బయా ఫొర్మోసా అనే చిన్న తీరపు ఊరివాడు. తండ్రి చేపలు అమ్మేవాడు. ఆ చేపల థర్మాకోల్ పెట్టె మూతల మీద కెరటాలు పట్టడం మొదలుపెట్టాడా పిల్లవాడు. ఈ కథ చదివినప్పుడు నాకు విశాఖలోని పెదజాలరిపేట గుర్తొచ్చింది. తెప్ప మీద కెరటాలు దాటి వేటకు పోయినవాళ్ల మనవళ్లు అక్కడున్నారు. ఏ కెరటాన్ని వదలాలో, ఏ సందు చూసి తెప్ప తోయాలో ఆ ఇళ్లలో తాతల నాటి చదువు. చెన్నై దగ్గర కోవలం, మహాబలిపురం పల్లెకారుల పిల్లలు ఇప్పటికే పేరున్న సర్ఫర్లు. ఋషికొండలోనూ బోర్డులు కనిపిస్తున్నాయి. మన జాలరి పిల్లలకు బోర్డులిచ్చి, వాళ్లనే గురువులుగా పెట్టి, మంచి జీతమివ్వాలి. మునిగినవాణ్ని వెతకడానికి గజ ఈతగాళ్లను పిలవడం కాదు నేననేది. మునగక ముందే, "అక్కడొద్దు తమ్ముడూ, ఇటు దిగు" అని చెప్పే మనిషి ఇసుక మీద ఉండాలి. ఆ మాట చెప్పే హక్కు, తెలివి వాళ్లకున్నట్టు ఇంకెవరికీ లేవు.

ఇక్కడ మా వంతు మేం మొదలుపెడుతున్నాం. ఫిబ్రవరి, మార్చి నెలల్లో విశ్వవిద్యాలయాల్లో కొత్త సెమిస్టర్. ఎండలు ఇంకా తగ్గవు, నీళ్లు కూడా వెచ్చగానే ఉంటాయి. విమానం దిగిన పిల్లలు మొదటి వారాంతమే బీచ్ అంటారు. మా అక్క కొడుకు, నేను, ఇంకో రెండు కుటుంబాలు కలిసి మార్చిలో వాళ్లను జెరోవా తీసుకుపోతాం. మొదటి గంట ఎవరూ తడవకూడదు. బ్లాక్ హెడ్ మీద నిలబడి, రిప్ ఎక్కడుందో ఒక్కొక్కరూ వేలు పెట్టి చూపించాలి. చూపించినవాళ్లు ఈత వస్తే బోర్డు పట్టుకోవచ్చు. ఈత రానివాళ్లకు కొలనులో చేరే ఫీజు మేం కడతాం, ఆడపిల్లలు ముందు పేర్లివ్వండి. పులిహోర మేం తెస్తాం. తువాలు, టోపీ, మంచినీళ్ల సీసా మీరు తెచ్చుకోండి. పొద్దున ఏడింటికల్లా అక్కడ ఉండాలి, గాలి మారకముందే.