ఆత్మకూరు గడప

ఆత్మకూరు అనగానే "ఏ ఆత్మకూరండీ?" అని అడగడం మనవాళ్ళకు మామూలు. నెల్లూరు సీమలో ఒకటున్నది, వనపర్తి వైపు ఒకటున్నది, అనంతపురానికి దగ్గరలో మరొకటున్నది. నేను చెప్పబోయేది నల్లమల అంచున ఉన్న ఆత్మకూరు. ఒకప్పుడు కర్నూలు జిల్లాలో తాలూకా కేంద్రం. 2022లో ఏర్పడిన నంద్యాల జిల్లాలో ఇప్పుడు రెవిన్యూ డివిజను కేంద్రం. శ్రీశైలం వెళ్ళే యాత్రికులకు ఇది దారిలో కాఫీ తాగే ఊరు. అంతకుమించి ఇక్కడ పనేముందని ఎవరూ బస్సు దిగరు.

మొన్న వేసవిలో నేనూ, మా ఆవిడా కూడా కావాలని దిగలేదు. కర్నూలులో ఆలస్యమైంది. నందికొట్కూరు దాటి ఆత్మకూరు చేరేసరికి బాగా చీకటి పడింది. ఇక్కడినుంచి బైర్లూటి మీదుగా దోర్నాలకు పోయే దారి పులుల అభయారణ్యంలోనిది. రాత్రివేళ బండ్లను వెళ్ళనివ్వరు. "మల్లన్న రేపు రమ్మన్నాడు కాబోలు" అని మా ఆవిడ సర్దుకున్నది. నాకు మాత్రం లోలోపల సంతోషమే కలిగింది. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను మొట్టమొదట ఇళ్ళు కట్టించిన ఊరు ఇది. నేను చేసిన మొదటి తప్పు కూడా ఇక్కడే ఉన్నది.

పేదలకు ఇళ్ళు కట్టించడం నా వృత్తి. ముప్ఫై ఏళ్ళకు పైగా అదే పని. ఇంజనీరునని చెబితే పెళ్ళిళ్ళలో బంధువులు "ఏ ఆనకట్ట కట్టారు?" అని ఆశగా అడిగేవారు. "ఒక గది, ఒక వసారా, ఒక వంటమూల" అనేసరికి వాళ్ళ ముఖాలు చూడాలి! ఆనకట్ట కట్టినవాడికి శిలాఫలకం ఉంటుంది. ఆ ఆనకట్ట వల్ల ఇల్లు పోయినవాడికి గది కట్టించినవాడికి ఏముంటుంది?

ఈ మాట ఊరికే అనలేదు. శ్రీశైలం ప్రాజెక్టుకు 1963లో నెహ్రూగారు శంకుస్థాపన చేశారు. 1981లో జలాశయం నిండసాగింది. నిండితే 885 అడుగుల మట్టానికి నీరు నిలుస్తుంది. కృష్ణా తుంగభద్రల ఒడ్డున కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాలలో వందకు పైగా ఊళ్ళు ఆ నీటికింద పోయాయి. అధికారులు ఆ ఏడు ఊళ్ళను ఖాళీ చేయించి, ఇళ్ళను పడగొట్టించారు. కరెంటు వచ్చింది, నీళ్ళు వచ్చాయి; కాదనను. ఊళ్ళు పోయినవాళ్ళు మాత్రం మూటలు నెత్తిన పెట్టుకుని నందికొట్కూరుకూ, ఆత్మకూరుకూ, గట్టుమీది పల్లెలకూ చెదిరిపోయారు.

ఒక విచిత్రం చెప్పాలి. కూడవెల్లి సంగమేశ్వరాలయం మునిగిపోతుందని దానిని విప్పి, తీసుకుపోయి అలంపురంలో మళ్ళీ నిలబెట్టారు. ఎంతో మంచి పని. కాని ఆ గుడి చుట్టూ బ్రతికిన మనుషుల ఇళ్ళను అంత భద్రంగా విప్పి, మళ్ళీ పేర్చాలని ఎవరికీ తోచలేదు. వాటికి కొలతలు వేసి, వెల కట్టారు, అంతే.

ఆ తరవాత రెండేళ్ళకు నేను ఉద్యోగంలో చేరాను. ఇల్లు లేనివాళ్ళకు కాలనీ కట్టాలి. స్థలం ఊరికి దూరంగా దొరికింది. నేను నూలు పట్టినట్టు వరసలు గీశాను. ఇళ్ళకు కాంక్రీటు కప్పులు వేయించాను. గడువుకు ముందే పూర్తయిందని మా ఆఫీసులో నన్ను మెచ్చుకున్నారు. నాలుగు నెలల తరవాత వెళ్ళి చూస్తే సగం ఇళ్ళలో మేకలున్నాయి, మిగతా సగంలో గడ్డివాములున్నాయి. మనుషులు ఊళ్ళో వాగుపక్కన కొట్టాలలోనే ఉన్నారు.

నాకు ఒళ్ళు మండింది. కొట్టం ముందు కూర్చున్న ఒక ముసలామెను పట్టుకుని, "ఏమవ్వా, పక్కా ఇల్లిస్తే పోనంటారేం?" అని గట్టిగానే అడిగాను. ఆమె నన్ను ఎగాదిగా చూసింది.

"నీ ఇల్లు బాగుంది నాయనా. ఎండాకాలం దాంట్లో పొయ్యి లేకుండానే రొట్టె కాలుతాది. మా మట్టిమిద్దె మీద చౌడు పోసుకుంటిమి, ఎండా దిగేది కాదు, వానా దిగేది కాదు. ఆడినుంచి కూలికి ఊళ్ళోకి రావాలంటే మూడు మైళ్ళు. నడిచేదానికే పొద్దు సరిపాయె, ఇంక పని యాడ చేసేది? నువ్వు గోడలు కొలిస్తివి గానీ, మా పొద్దు కొలవకపోతివి."

నాకు జవాబు దొరకలేదు. ఈ నాటికీ దొరకలేదు.

తరువాత పుస్తకాలు చదివితే తెలిసింది, ఈ పాఠం నేర్చుకున్నది నేనొక్కడినే కాదని. ఈజిప్టులో లక్సర్ వద్ద పాత సమాధుల మీద కాపురముంటున్న గుర్నా గ్రామస్థులకోసం 1946లో హసన్ ఫాతీ అనే వాస్తుశిల్పి కొత్త ఊరు కట్టడం మొదలుపెట్టాడు. మట్టి ఇటుకలతో చల్లని కమాను కప్పులు, మసీదు, సంత, బడి — చూడముచ్చటైన ఊరు. అయినా జనం చాలామంది అక్కడికి కదలలేదు. వాళ్ళ జీవనం పాత గుర్నాలోనే, ఆ సమాధులను ఆనుకునే ఉన్నది. నా కాంక్రీటు వేడెక్కింది. ఆయన మట్టి చల్లగా ఉన్నది. కాని ఇద్దరి ఇళ్ళూ ఖాళీయే! ఇల్లు ఎంత బాగున్నదని కాదు, ఆ ఇంటినుంచి పొద్దున్నే లేచి పనికి ఎక్కడికి పోవాలన్నది ముఖ్యం. శ్రీశైలం నిర్వాసితుల ఇంటికొక ఉద్యోగమని 1986లో ప్రభుత్వం ఇచ్చిన 98వ నంబరు జీవో కోసం జనం ఎన్ని ఏళ్ళు ఆఫీసుల చుట్టూ తిరిగారో కర్నూలు సీమలో అందరికీ తెలుసు. ఇంటికన్నా ముందు వాళ్ళడిగినది అదే.

రెండవ కాలనీకి ఊరి అంచునే చిన్న జాగా చూశాము. ఈసారి గీత గీయకముందు వెళ్ళి చాప మీద కూర్చున్నాను. మేకలకు పెరడు కావాలన్నారు. ముందు పందిరికి చోటు వదలమన్నారు. చివరికి ఆ అవ్వ కొట్టంలోకి వెళ్ళి గోనెపట్టాలో చుట్టిన పొడుగాటి చెక్కను ఈడ్చుకువచ్చింది. అది మునిగిపోయిన ఇంటి గడప. ఇల్లు కూలగొట్టిననాడు బండిమీద వేసుకు వచ్చిందట.

"మా సంగమయ్య వేపమాను లింగమే, మా గడపా వేపమానే. దీన్ని పెట్టు నాయనా, వస్తా" అన్నది.

గడప మా కొలతకన్నా జానెడు పొడుగు! వాకిలి వెడల్పు చేస్తే అంచనా మారుతుంది. అయినా చేయించాను. ఎందుకు మార్చావని పైనుంచి సంజాయిషీ అడిగారు. "లబ్ధిదారు గడప పెద్దది" అని వ్రాశాను. దానిని చదివి ఎవరు నవ్వుకున్నారో తెలియదు. ఆ కాలనీలో మాత్రం ఒక్క ఇల్లు కూడా ఖాళీగా మిగలలేదు.

మర్నాడు తెల్లవారుజామున మా ఆవిడను వెంటబెట్టుకుని వెతుక్కుంటూ వెళ్ళాను. ఊరు పెరిగి కాలనీని తనలో కలుపుకున్నది. సిమెంటు రోడ్డు, కాలువ, మేడలు. నా ఇళ్ళు ఆనవాలు పట్టలేకపోయాను. గడపను మాత్రం గుర్తుపట్టాను. ఇంటిమీద ఇంకొక అంతస్తు లేచింది, ముందు ఇనుపగేటు వచ్చింది. అదే వేపచెక్క, దానిమీద అప్పుడే పూసిన పసుపు. అవ్వ పోయి చాలా ఏళ్ళయిందట. ఆమె మనమడి భార్య "లోపలికి రాండి" అని మజ్జిగ ఇచ్చింది.

"సంగమేశ్వరం చూసినారా?" అని అడిగిందా అమ్మాయి. 1981లో మునిగిన ఆ గుడి 2003లో తొలిసారి బయటపడింది. ఆ తరవాత నీరు తగ్గిన వేసవులలో మళ్ళీ కనిపిస్తున్నది. ఆత్మకూరును ఒరుసుకుని పోయే భవనాశి అక్కడే కృష్ణలో కలుస్తుంది. "గుడి బయటపడితే మా వాళ్ళందరం పోతాం. పాత ఊరి గోడల గుర్తులు వెతుక్కుంటాం" అన్నది.

ఇప్పటి లెక్కలు నా కాలపు లెక్కలకన్నా పెద్దవి. 2015 నుంచి పట్టణాలకు ప్రధానమంత్రి ఆవాస్ యోజన వచ్చింది. 2020 డిసెంబరు 25న మన రాష్ట్రంలో ఇళ్ళ పట్టాల పంపిణీ మొదలైంది: పట్నంలో సెంటు, పల్లెలో సెంటున్నర. సెంటు అంటే 48 గజాల పైచిలుకు. ఆ కాస్త జాగా కోసం ఎన్ని ప్రాణాలు ఎదురుచూశాయో నాకు తెలుసు, చిన్నచూపు చూడను. కాని ఇప్పటి కుర్ర ఇంజనీర్లు ఎవరైనా సలహా అడిగితే ఒక్కటే చెబుతాను: స్థలం కొలిచేముందు అక్కడినుంచి పనికి, బడికి, ఆసుపత్రికి ఒకసారి నడిచి చూడండి. చెప్పుల అరుగుదల కూడా అంచనాలో వేయండి.

బస్సెక్కాక మా ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. బైర్లూటి దాటి అడవిలోకి వచ్చాక, "మనం రిటైరయ్యాక కట్టుకున్న ఇంటి గడప ఏ చెక్కండీ?" అని అడిగింది.

నాకు తెలియదు. అది నేను అడగనేలేదు.