తాళంచెవి ఎవరి చేతిలో?

స్త్రీలు రాసినదానికి తాళాలు పడటం మన సాహిత్యంలో కొత్త కాదు. ముద్దుపళని 'రాధికా సాంత్వనము'ని బెంగుళూరు నాగరత్నమ్మ 1910లో పూర్తి పాఠంతో అచ్చు వేయించారు. అశ్లీలమంటూ 1911లో ప్రభుత్వం నిషేధించింది. ఆ తాళం తియ్యడానికి 1947 దాకా పట్టింది.

ఇప్పుడు రచయితే తన రచనకి తాళం వేసుకునే పద్ధతి వచ్చింది. బ్లాక్‌చెయిన్ మీద నడిచే కొన్ని సామాజిక వేదికల్లో, డబ్బు కడితేనే రచన తెరుచుకుంటుంది. మా నర్సీపట్నంలో ఇంట్లో తెలియకుండా మారుపేరుతో కథలు రాసే ఒకమ్మాయి నన్నడిగింది: "అక్కా, అందులో పెడితే మావాళ్ల కంట పడదంట, నాలుగు డబ్బులొస్తాయంట. పెట్టీమంటావా?"

తేలిగ్గా వద్దనలేకపోయాను. ఎవరూ చెరపలేని పద్దులో ఉంటే నాగరత్నమ్మ పుస్తకాన్ని అంత సులువుగా మాయం చెయ్యగలిగేవారా?

అది పనిచేసే తీరు ఇదీ. రచనని సంకేతాల్లోకి మార్చి అనేక కంప్యూటర్లలో దాస్తారు. డబ్బు చెల్లించినట్టు ఉమ్మడి పద్దులో నమోదైన ఖాతాకి దాన్ని విప్పే తాళంచెవి అందుతుంది. మధ్యలో సంపాదకుడు లేడు, ప్రచురణకర్త లేడు. కానీ ఈ తాళం అడిగేది డబ్బునే, వచ్చిందెవరని అడగదు. దానికి అభిమానంతో చదివే మనిషీ, వెంటపడి వేధించేవాడూ ఒకటే. విప్పుకున్నవాడు నకలు తీసి వాట్సాప్‌లో తిప్పితే ఆపే దారి లేదు. అన్నిచోట్ల దాచిన ప్రతిని రేపు ఆమే వద్దనుకున్నా పూర్తిగా వెనక్కి తీసుకోవటం దాదాపు అసాధ్యం.

2023లో ఫ్రెండ్‌.టెక్ అనే వేదికలో, ఒక్కొక్కరి చర్చాగదిలోకి ప్రవేశించటానికి 'తాళంచెవులు' అమ్మారు. కొనేకొద్దీ ధర పెరిగేది. మాటల కోసం కాక, మారుబేరం కోసం కొన్నవాళ్లెందరో. మనిషి అంతరంగం షేర్ల బజారు సరుకైపోయింది.

ఇంటి సంగతి చూడండి. ఇలాంటి ఖాతాలు చాలావాటికి పన్నెండు ఇంగ్లీషు మాటలే ప్రాణం. ఆ మాటలున్న కాగితం ఎవరికి దొరికితే ఖాతా వాళ్లది. బీరువా తాళాలే తన చేతిలో లేని అమ్మాయి ఆ కాగితాన్ని ఎక్కడ దాచుకోవాలి? వచ్చిన క్రిప్టో నాణేల్ని ఎక్స్ఛేంజిలో రూపాయలు చేసుకోవాలంటే పాన్ కార్డూ, బ్యాంకు ఖాతా కావాలి. మారుపేరు అక్కడితో సరి. పాస్‌బుక్కు ఎవరి దగ్గరుంటుందో మనకి తెలియనిదా? పైగా 2022 ఏప్రిల్ నుంచి ఆ లాభాల మీద 30 శాతం పన్ను.

ఊరంతా చదివినా ఫరవాలేదనుకునే కథలు పెట్టుకోమన్నాను. రేపు చించెయ్యాలనిపించవచ్చు అనుకున్నవి మాత్రం నోటుబుక్కు దాటించవద్దన్నాను.

మన రాతల్ని ఇంకొకరు చెరపకుండా కాపాడుకోవాలి. మనం చెరుపుకోవాలనుకున్నప్పుడు చెరుపుకోగలగాలి. నాగరత్నమ్మ పోరాడింది మొదటిదాని కోసం. ఇప్పుడు అది ఇస్తామంటున్నవాళ్లని రెండోదాని సంగతేమిటని అడగవలసింది మనమే.